చేరిన తేదీ

నా పేరు వెంకటనారాయణ. కిరండూల్‌లో ఇనుప గనుల ఖనిజం లోడింగ్ కాంట్రాక్టర్ దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు హాజరు గుమాస్తాగా పనిచేశాను. వచ్చినవాడికి నీలం సిరాతో గీత, రానివాడికి ఎర్ర సిరాతో సున్నా. నా పట్టీలో ఒక్క తప్పు ఉందని ఎవరైనా అంటే నాకు ఈ రోజుకీ ఒళ్ళు మండుతుంది. మా ఆవిడ వెంకమ్మ మాత్రం, కూర మాడిన రోజులు కూడా తారీఖులతో గుర్తుపెట్టుకునే మనిషితో కాపురం చేశానని అందరికీ చెప్పి నవ్విస్తుంది.

రిటైరయ్యాక ఆవిడ పుట్టిన ఊరు, రాష్ట్ర సరిహద్దులో తెలుగు మాట్లాడే భోపాల్‌పట్నం వచ్చేశాం. నాలుగు నెలలు ఖాళీగా కూర్చున్నాను. ఐదో నెలలో ఇంటి ముందు నుంచి మా జిల్లా కేంద్రం బీజాపూర్ పోయే బస్సులు రోజూ ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వస్తున్నాయో డైరీలో రాయడం మొదలుపెట్టాను. ఆ డైరీ చూసి వెంకమ్మకు భయం పట్టుకుంది. వెంటనే తన చెల్లెలి కూతురు దీపను పిలిపించింది.

"నీకు దండం పెడతా దీపా, మీ పెద్దనాయనకు ఏదన్న పని చెప్పు. లేకుంటే ఆ బస్సు డ్రైవర్లతోని లొల్లి పెట్టుకునేటట్టున్నడు."

దీప చూసేది ఫోటోల ఆఫీసు. ఎరువుల దుకాణం పైన రెండు గదులు. ఎక్కడెక్కడి అడవుల్లోనో చెట్లకు కట్టిన కెమెరాలు తీసిన ఫోటోలు ఇక్కడికి వస్తాయి. ఏ ఫోటోలో ఏ జంతువు ఉందో చూసి రాయడం పని. కంపెనీ నెదర్లాండ్స్‌ది, యజమాని మారైకె అనే ఆవిడ. అడవి పక్కన పుట్టినవాళ్ళనే ఆవిడ ఏరికోరి తీసుకుంటుంది. భోపాల్‌పట్నంలో దీపతో కలిపి ఆరుగురు, నేపాల్‌లో ముగ్గురు, కెన్యాలో ఇద్దరు. ఈ పదకొండు మందికీ నెల తిరిగేసరికి జీతాలు లెక్కకట్టడం మూడేళ్ళుగా నా పని. రూపాయలు వేరు, నేపాలీ రూపాయలు వేరు, షిల్లింగులు వేరు. ఇక్కడ పీఎఫ్ పట్టుకోవాలి, కెన్యాలో వాళ్ళ పన్ను పట్టుకోవాలి, నేపాల్‌లో దసరాకు ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలి. ఒక ఎక్సెల్ షీటు, ఒక నోటుబుక్కు, నా కళ్ళజోడు. వీటితో బండి హాయిగా నడిచింది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో మారైకె దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. మర్యాదగానే రాసింది. ఇన్ని దేశాల జీతాలు ఒక పెద్దాయన నోటుబుక్కు మీద నడుస్తున్నాయంటే ఆడిటర్‌కు నిద్ర పట్టడం లేదట. ఏప్రిల్ ఒకటి నుంచి అన్ని దేశాల జీతాలూ, అందరి పనిగంటలూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో మీరే పరీక్షించి చెప్పండి, ఆఖరి మాట నేను చెబుతాను అని రాసింది.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ సాయంత్రం మిరపకాయ బజ్జీలు తింటూ ఆలోచిస్తే, నన్ను తీసేసి ఎవరినో పెట్టకుండా నన్నే ఎంచమన్నందుకు లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది.

మర్నాడు పొద్దున భీమే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. భీమేది అడవిలో ఊసూరు పక్క ఊరు, దోర్లా తెగ ఆదివాసీ పిల్ల. పాతికేళ్ళుంటాయి. ఫోటోలో పొద వెనక చెవి కొస ఒక్కటి కనబడితే చాలు, అది కొండగొర్రో కణుజు దుప్పో చెప్పేస్తుంది. కంప్యూటర్ ఊరకుక్క అని రాసి పంపినదాన్ని తను రేచుకుక్క అని దిద్దుతుంది, అదే నిజమవుతుంది. మనిషి మాత్రం అవసరమైతే తప్ప నోరు విప్పదు.

"సారు, కొత్త మిషిను వస్తదంట గదా."

"వస్తోంది. ఏం?"

"ఇప్పపూలకు పోవాలె నేను. మిషిను వచ్చినంక కూడా నా పేరు ఉంటదా?"

"నీ పేరెక్కడికి పోతుందే. నేనున్నానుగా" అన్నాను. అనేశాక గాని తెలియలేదు, అది నా చేతిలో ఉన్న మాట కాదని.

భీమే అడిగినదాని వెనక ఒక సంగతి ఉంది. మార్చి నడిమికి ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. తెల్లవారకముందే చెట్ల కిందికి పోయి, ఎండ ఎక్కేలోపు, పశువులు రాకముందు ఏరుకోవాలి. ఎండబెట్టి సంతలో అమ్మితే భీమే వాళ్ళ అమ్మకు ఏడాదంతా ఉప్పూ నూనే బట్టా వెళ్తాయి. ఆమెకు నడుము వంగదు, ఇంట్లో ఇంకెవరూ లేరు. అందుకని పనిలో చేరిన మొదటి మార్చిలోనే భీమే వచ్చి, ఉద్యోగం మానేస్తున్నానని దీపకు చెప్పేసింది. మూడు వారాలు సెలవు అడగొచ్చన్న ఆలోచనే ఆ పిల్లకు రాలేదు.

ఆ రోజు వీడియో కాల్‌లో అందరూ ఉన్నారు. కెన్యాలో వాంజిరు అని ఒకమ్మాయి ఉంది, వాళ్ళ నాన్నకు కాఫీ తోట. సంగతి విని వాంజిరు, "భీమే ఫోటోలు నేను చూస్తాను, నవంబర్‌లో మా కాఫీ కోతకు నా ఫోటోలు తను చూస్తుంది" అంది. దీప దాన్ని భీమేకు తెలుగులో చెప్పింది.

"బదులు పనే గదా" అంది భీమే.

అంతే. మా పక్క ఊళ్ళలో నాట్లప్పుడు జరిగేది అదే. ఇవాళ మీ పొలంలో నేను నాటేస్తే రేపు మా పొలంలో నువ్వు వేస్తావు, మధ్యలో డబ్బు ఊసు రాదు. ఆ ఇద్దరూ రెండేళ్ళు అట్లాగే చేశారు. భీమే పదిహేను పనిరోజులు అడవిలో ఉంటే ఆ నూట ఇరవై గంటలూ వాంజిరు నెల రోజుల పాటు రోజుకు నాలుగు గంటలు ఎక్కువ కూర్చుని పూర్తిచేసింది. నవంబర్‌లో భీమే తీర్చేసింది. చూసి మిగిలినవాళ్ళూ మొదలుపెట్టారు. నేపాల్ ఫూల్‌మాయ దసరాకు, మన సునీల్ వరికోతకు. జీతాలు ఎవరివి వాళ్ళకు నెలనెలా మామూలుగానే పడేవి. గంటలు మాత్రం నేను నోటుబుక్కులో రాసి పెట్టేవాణ్ణి. ఇప్పుడు ఆడిటర్ ముందు పెట్టడానికి పనికిరానిది ఆ నోటుబుక్కే.

సాఫ్ట్‌వేర్లు చూపించడానికి హైదరాబాద్ నుంచి ప్రవీణ్‌కుమార్ అనే కుర్రాడు వీడియోలోకి వచ్చాడు. మూడు కంపెనీల సరుకు చూపించి, మనం ఏది కొన్నా కమీషన్ తీసుకునే రకం. అందుకని దేన్నీ మరీ పొగడడు. ఆ మూడింటి పేర్లూ నా నోరు తిరగనివి. కాబట్టి నేనే పేర్లు పెట్టుకున్నాను. మొదటిది సూపర్‌వైజర్, ఎందుకంటే అది ప్రతి దానికీ పర్మిషన్ అడుగుతుంది. రెండోది పెళ్ళికొడుకు, అంతా రంగులు, మెరుపులు, పైన పూలదండ ఒక్కటే తక్కువ. మూడోది గుమాస్తా. బూడిద రంగు తెర, చిన్న అక్షరాలు, ముఖంలో కళ లేదు. చూడగానే మనవాడే అనిపించింది గాని పైకి చెప్పలేదు.

పెళ్ళికొడుకు ఒక్క పూటలో తేలిపోయాడు. తలకు ఇంతని నెలనెలా కట్టాలి, జీతం ముందు వాళ్ళ సొంత యాప్‌లో పడుతుంది, అక్కణ్ణుంచి బ్యాంకుకు మళ్ళించుకోవాలి, మళ్ళించినప్పుడల్లా కొంత కోత.

"మా గ్రామీణ బ్యాంకు మేనేజర్ కొత్త యాప్ అంటే సెలవు పెట్టేస్తాడు బాబూ" అన్నాను.

ప్రవీణ్‌కుమార్ నవ్వి తర్వాతిది తెరిచాడు.

సూపర్‌వైజర్ గట్టివాడు. ఏ దేశం పన్ను మారినా తనే సరిచేసుకుంటాడు. కెన్యా లెక్కా నేపాల్ దసరా జీతమూ చెప్పకుండానే పట్టుకున్నాడు. నేను మూడేళ్ళలో నేర్చుకున్నదంతా వాడికి పుట్టుకతోనే తెలుసు. ఆడిటర్‌కు కూడా ఇదంటేనే ఇష్టమని మారైకె ముందే రాసింది. కాని నేను ఎవరి మాటా నమ్మి సంతకం పెట్టే మనిషిని కాను. పోయినేడు మార్చి నెల హాజరు ఉన్నదున్నట్టు ఎక్కించి, ఆ నెల జీతాలు కట్టమన్నాను.

నిమిషం పట్టలేదు. తెర మీద రెండు ఎర్ర గీతలు వచ్చాయి. ఒకటి, వాంజిరు పరిమితికి మించి పనిచేసింది, ఓవర్‌టైమ్ కట్టాలి లేదా పని ఆపించాలి. రెండు, భీమే వరసగా పది రోజులు రాలేదు కనుక ఉద్యోగం వదిలి వెళ్ళినట్టు. సూపర్‌వైజర్ ఆమె ఆఖరి లెక్క తేల్చి, పీఎఫ్ కాగితం కూడా తయారుచేసి పెట్టాడు. మళ్ళీ వచ్చి చేరితే కొత్త మనిషి కింద లెక్క, చేరిన తేదీ కూడా కొత్తదే.

"ఆ పది రోజుల రూలు మార్చు" అన్నాను.

"ఇరవై చేయొచ్చు సార్. అప్పుడు తీసేయదు. కానీ జీతం లేని సెలవు అవుతుంది, సర్వీసులో బ్రేక్ పడుతుంది. చేరిన తేదీ ఎట్లాగూ మారుతుంది."

"ఆ పిల్ల ఒక్క గంట ఎగ్గొట్టలేదయ్యా. నవంబర్‌లో మొత్తం తీర్చేసింది. నీ మిషినుకు ఇప్పపూలంటే తెలుసా?"

దీప నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది. నా గొంతు కింద ఎరువుల దుకాణం దాకా వినిపించిందట. ప్రవీణ్‌కుమార్‌కు మాత్రం ఓర్పు ఎక్కువ.

"సార్, అది సొంతంగా ఏమీ అనుకోదు. మీరు పదిహేను రోజులు రాలేదని ఎక్కించారు, అది రాలేదనుకుంది. ఏ హాజరు గుమాస్తా అయినా అంతే చేస్తాడు కదా."

నేను కళ్ళజోడు తీసేశాను. మంచినీళ్ళు తాగి, మిగతాది రేపు చూద్దామని కాల్ పెట్టేశాను.

దీప దగ్గరికి వచ్చింది. "ఏంది పెద్దనాయనా, అట్ల అయిపోయినవ్. పాపం ఆ పిలగాడు ఏమన్నడని?"

"వాడన్నది నిజమే" అన్నాను.

ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో జోగ అని ఒక కూలీ ఉండేవాడు. కొండ కింది ఊరు. రైలు వాగన్ల దగ్గర పని. ఇద్దరి పని ఒక్కడు చేసేవాడు. ఏటా ఇప్పపూల కాలంలో మూడు వారాలు కనబడేవాడు కాదు. నేను ఎర్ర సున్నాలు వేసేవాణ్ణి. పది సున్నాలు నిండగానే పేరు కొట్టేయాలి, అది కాంట్రాక్టర్ రూలు. కొట్టేసేవాణ్ణి. నాలుగో వారంలో జోగ తిరిగి వచ్చేవాడు, భుజాన ఎండు ఇప్పపూల మూటతో. ఆ మూట నా బల్ల మీద పెట్టి, "పేరు రాయండి బాబూ" అనేవాడు. పట్టీలో అందరికంటే కింద, కొత్త మనిషి వరుసలో రాసేవాణ్ణి. కొత్తవాడికి ఇచ్చే కూలీయే ఇచ్చేవాళ్ళు. జోగ ఏడేళ్ళు పనిచేశాడు, ఏడు సార్లూ కొత్తవాడే. ఎనిమిదో ఏడు రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు. ఆ ఇప్పపూలు ప్రతిసారీ ఇంటికి తీసుకెళ్ళాను, వెంకమ్మ వేయించి పెడితే తిన్నాను. నా పట్టీలో తప్పు లేదని ఇన్నేళ్ళూ చెప్పుకుని తిరిగినందుకు ఆ పూట నాకు సిగ్గేసింది.

ఇంటికి వెళ్ళి వెంకమ్మతో చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూ అంతా విని, "జోగ నాకు గుర్తే" అంది. "మూట ఇయ్యనీకి ఒకసారి ఇంటికి గూడ వచ్చిండు. నువ్వు పండుకున్నవ్. లేపొద్దన్నడు." ఒక రాయి ఏరి పడేసి, "ఇప్పుడు నీ చేతుల ఉన్నది గదా, చూడు మరి" అంది.

మర్నాడు పొద్దున్నే గుమాస్తాను తెరిపించాను. ప్రవీణ్‌కుమార్‌కు నిన్నటి కేకలకు క్షమించమని చెబితే, అలవాటే సార్ అన్నాడు. ఎంతమంది ముసలివాళ్ళ చేత తిట్లు తింటున్నాడో పాపం. గుమాస్తాలోనూ అదే మార్చి నెల ఎక్కించాం. ఇదీ భీమేకు ఎర్ర గీత పెట్టింది. అప్పుడు ప్రవీణ్‌కుమార్ తెర మూలన ఉన్న చిన్న గడి చూపించాడు.

"సార్, నిన్న మీరన్నది ఆలోచించాను. ఇందులో ఏడాది గంటలు అని ఒకటుంది. చలి దేశాల్లో పండ్ల తోటల వాళ్ళ కోసం పెట్టారు. వాళ్ళకు కొన్ని నెలలు పని ఎక్కువ, కొన్ని నెలలు అసలుండదు. ఇది నెల చూడదు. మనిషి ఏడాదికి ఎన్ని గంటలు చేయాలో రాస్తే, జీతం పన్నెండు నెలలూ సమానంగా వేస్తుంది. గంటలు ముందూ వెనకా అయినా ఊరుకుంటుంది. మార్చి దగ్గర మొదలుపెట్టి ఫిబ్రవరికి లెక్క చూస్తుంది."

"సర్వీసులో బ్రేక్?"

"పడదు సార్."

"చేరిన తేదీ?"

"మారదు."

గడిలో టిక్ పెట్టాడు. పోయినేడు మార్చి నుంచి ఈ ఫిబ్రవరి దాకా పదకొండు మంది గంటలూ నా నోటుబుక్కు చూసి దీప ఎక్కించింది. మధ్యాహ్నం మూడింటికి తేలింది. భీమే మార్చిలో నూట ఇరవై తక్కువ, ఏడాదికి తేడా సున్నా. వాంజిరు మార్చి, ఏప్రిల్‌లో నూట ఇరవై ఎక్కువ, ఏడాదికి సున్నా. ఒక్క ఎర్ర గీత లేదు. వాళ్ళు నోటి మాటతో చేసుకున్నది గంట కూడా తప్పలేదు. నేను దీపను కింద హోటల్ నుంచి అందరికీ టీ తెప్పించమన్నాను. అంతకంటే సంబరం నాకు చేతకాదు.

అయితే గుమాస్తాకు కొన్ని లోట్లున్నాయి. నేపాల్ పన్ను మారితే మనమే చూసి దిద్దుకోవాలి. ఆడిటర్ సూపర్‌వైజర్ మీద మనసు పడ్డాడు. గుమాస్తానే కొందామని నేను రాసిన లేఖ చదివి మారైకె, ఆలోచిస్తాను అని ముక్తసరిగా రాసింది. గుమాస్తాలో అందరి వివరాలూ నింపి ఒక నెల నడిపి చూపించండి, ఈ నెలాఖరుకు తేలుస్తాను అంది. ఇంతలో ఇప్పపూలు రాలడం మొదలైంది. మార్చి పద్దెనిమిదిన భీమే తన వివరాల ఫారం నింపేసి ఊరికి బయలుదేరింది. మెట్ల దగ్గర ఆగి నా వైపు చూసింది. తన పేరు ఉంటుందా అని అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు.

ఆ ఫారాల దగ్గర జరిగింది నా జీవితంలో మొదటి తప్పు. జరగడం కూడా ఒకటి కాదు, పది. ఫారంలో చివర ఒక గడి ఉంది, ఆపదలో ఎవరికి తెలపాలి అని. ఇంగ్లీషులో ఉంది. కాల్‌లో అందరికీ నా హిందీలోనూ ఇంగ్లీషులోనూ వివరించాను. ఎవరూ భయపడకూడదని ఆపద అన్న మాట తీసేసి, "మీరు పనికి రాలేని పరిస్థితి వస్తే ముందుగా ఎవరికి తెలియాలో వాళ్ళ పేరు రాయండి" అన్నాను. అందరూ బుద్ధిగా రాసి పంపారు. నా మీద నాకున్న నమ్మకం కొద్దీ మళ్ళీ చూడకుండా ఎక్కించాను.

గుమాస్తా పది ఎర్ర గీతలు గీసి, ఆ పట్టీని తిన్నగా మారైకెకు పంపించేశాడు. సహోద్యోగి పేరు ఈ గడిలో చెల్లదు అని పది సార్లు రాశాడు. భీమే వాంజిరు పేరు రాసింది. వాంజిరు భీమే పేరు రాసింది. ఫూల్‌మాయ సునీల్ పేరు, సునీల్ ఫూల్‌మాయ పేరు. ఎవరు బదులు చేస్తారో వాళ్ళ పేరే అందరూ రాశారు. దీప ఒక్కతే బుద్ధిగా మొగుడి పేరు రాసింది.

"అయిపాయె" అంది దీప. "మనకు ఫారం నింపుడు గూడ రాదనుకుంటది ఆమె."

సాయంత్రం నాలుగింటికి మారైకె ఫోన్ చేసింది. వీడియోలో ఆవిడ ముందు ఆ పట్టీ కాగితం ఉంది. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

"ఈ భీమేకు ఊళ్ళో తల్లి ఉందని రాశారు. మరి ఆపదలో వాంజిరుకు చెప్పమని ఎందుకు రాసింది? వాళ్ళిద్దరూ ఎప్పుడూ కలవలేదు కదా" అంది ఇంగ్లీషులో.

తప్పు నాదేనని ముందు చెప్పాను. నేను ప్రశ్న ఎలా మార్చి అడిగానో చెప్పాను. తర్వాత ఎలాగూ మాట మొదలైంది కనుక, నాకొచ్చిన గుమాస్తా ఇంగ్లీషులో మొత్తం చెప్పాను. ఇప్పపూల సంగతి, కాఫీ సంగతి, బదులు పని, రెండేళ్ళు ఒక్క గంట తేడా రాలేదన్న సంగతి.

"ఆ పిల్ల రాలేకపోతే తల్లికి తెలియాల్సిన పని లేదు మేడమ్. ఆమె పక్కనే ఉంటుంది. తెలియాల్సింది వాంజిరుకే. వాంజిరు వెంటనే కూర్చుని ఆ పని అందుకుంటుంది. ఈ క్షణాన అదే చేస్తోంది."

నేను ఆపలేకపోయాను. జోగ సంగతి కూడా చెప్పేశాను, ఏడు సార్లు కొత్త మనిషిగా రాసిన సంగతి. "మీ ఆడిటర్ మెచ్చిన సాఫ్ట్‌వేర్ మంచిదే. నేను ముప్పై ఒక్క ఏళ్ళు అలాగే పనిచేశాను. అందుకే అది వద్దంటున్నాను" అన్నాను.

ఆవిడ ఆ కాగితాన్ని మళ్ళీ పైనుంచి కిందికి చదివింది. ఆ పది వరుసల్లోని పేర్లనూ వేలితో ఒక్కొక్కటిగా దాటుకుంటూ వెళ్ళింది.

"ఇన్నాళ్ళూ నేను పదకొండు మందికి విడివిడిగా జీతం ఇస్తున్నాననుకున్నాను" అంది. "ఆడిటర్‌తో నేను మాట్లాడుకుంటాను. మీరు చెప్పినదే కొనండి. చట్టం కోసం ఇంటివాళ్ళ పేరు కూడా ఒకటి రాయించండి. ఇవి మాత్రం కొట్టేయకండి, పక్కన ఎక్కడైనా ఉంచండి."

కాల్ అయిపోయాక దీప నా భుజం మీద చిన్నగా ఒకటి చరిచి, "నీ ఇంగ్లీష్ కూడా పనికొచ్చింది పెద్దనాయనా" అంది. నాకు చాలా సంతోషంగా ఉంది. ఆ రోజు నడుచుకుంటూ ఇంటికి పోతుంటే బీజాపూర్ బస్సు పక్క నుంచి పోయింది, ఎన్ని నిమిషాలు ఆలస్యమో చూసుకోలేదు.

ఏప్రిల్ ఒకటిన గుమాస్తా పదకొండు మందికీ మార్చి జీతాలు వేశాడు. మూడు దేశాల్లోనూ ఒకే పూట పడ్డాయి. ఊళ్ళో ఫోనుకు సిగ్నల్ ఉండదు కనుక భీమేకు ఆ సంగతి తెలియదు. కబురు పంపిద్దామా అంది దీప. వద్దు, తనే వచ్చి చూసుకోనీ అన్నాను.

ఆరో తారీఖు పొద్దున భీమే వచ్చింది. ఎండకు నల్లబడింది, వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. చేతిలో ఒక గుడ్డ మూట. వాసన తెలిసిందే. దాన్ని నా బల్ల మీద పెట్టి, తన కుర్చీ వైపు పోకుండా అక్కడే నిలబడింది.

"పేరు మళ్ళ కొత్తగ రాయాల్నా సారు?"

తెరను ఆమె వైపు తిప్పాను. గుమాస్తా పట్టీ తెరిచే ఉంది. పై నుంచి రెండో వరుసలో భీమే, ఎప్పుడూ ఉండే చోటే. పక్కన మార్చి జీతం, పూర్తిగా. ఆ పక్కన బాకీ నూట ఇరవై గంటలు, వాంజిరు పేరు. చివరి గడిలో చేరిన తేదీ. భీమే వంగి, పగిలిన వేలు తెర మీద పెట్టి ఒక్కొక్క అంకే చదివింది. పద్నాలుగు, ఏడు, రెండు వేల ఇరవై మూడు.

"ఇది నేను ఫస్టు వచ్చిన రోజే" అంది.

"అదే. అది మారదు."

ముఖంలోకి నవ్వు మెల్లగా వచ్చింది.

"ఆ రోజు మస్తు వాన సారు."

"అవును, వానే. నువ్వు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చావు" అన్నాను. "అది నేను రాయలేదు."